ఎడమ కోర కింద కార్డు

మా అత్త ఒక మనిషి మీద పద్నాలుగేళ్లు పగ పట్టింది. అరిచిందీ లేదు, శపించిందీ లేదు, ఎవరి ముందూ కళ్లనీళ్లు పెట్టుకుందీ లేదు. ఒక గమ్ము దానంతటది ఊడిపోయే దాకా ఎదురుచూసింది, అంతే. నేనైతే మొదటి వారమే ఆ మనిషి కారు అద్దాలు పగలగొట్టి ఉండేవాణ్ణి. అందుకే నాది పగ కాదట, ఉత్త కోపమట. అత్తే అంటుంది.

అత్త అంటే మా నాన్నకి అక్క. పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉంటుంది. మ్యూజియం కింది అంతస్తులో ఎముకలు శుభ్రం చేసే పని ఆమెది. అవి కోటి ఏళ్ల కిందటి ఎముకలు, రాయిగా మారిపోయినవి. చేతిలో ఎప్పుడూ పళ్ల డాక్టరు వాడేలాంటి సూది ఉంటుంది కాబట్టి అక్కడ అందరూ సూదమ్మ అంటారు. ఇంట్లో మేమూ చాటుగా అదే అంటాం. ఎదురుగా అంటే వీపు చిట్లుతుంది.

ఆ ఎముకలన్నీ ఒక్క చోటి నుంచే వస్తాయి. బస్సులో రెండు గంటలు పోతే ఒక బూడిదరంగు మట్టిగుట్ట. చూడ్డానికి ఏమీ ఉండదు, ఒక్క చెట్టు లేదు. కానీ గుట్ట నడుములో మోచెయ్యంత మందాన ఒక పొర ఉంది. ఆ పొర నిండా ఎముక మీద ఎముక. మయోసీన్ అనే కాలంలో అక్కడ నది వంపు తిరిగేదట. వానలు లేని ఏడాది నీళ్ల కోసం వచ్చిన జంతువులు ఆ బురదగుంట చుట్టూ కుప్పకూలాయి. తర్వాత వచ్చిన వరద వాటిని ఒక్క దెబ్బతో కప్పేసింది. కాలికి మూడు వేళ్లున్న గుర్రాలు, పొట్టి మెడ జిరాఫీలు, నాలుగు దంతాల ఏనుగులు, జింకలు, దుమ్ములగొండ్లు. వేరే చోట్ల ఒక్క దవడ దొరికితే చంకలు గుద్దుకుంటారు. ఇక్కడ తినేవీ, తినబడేవీ అన్నీ ఒకేచోట పడి ఉన్నాయి. అడవులు పలచబడి గడ్డి మైదానాలు పరుచుకుంటున్న రోజులవి. గట్టి గడ్డి నమిలీ నమిలీ గుర్రాల పళ్లు తరతరానికీ ఎత్తు పెరగడం ఆ గుట్టలో కింది పొరల నుంచి పైకి చూసుకుంటూ పోవచ్చు. అందుకే ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి ఆ మట్టి ముందు మోకాళ్ల మీద కూర్చుంటారు.

పద్నాలుగేళ్ల కిందట అక్కడ కత్తికోరల పిల్లి పుర్రె దొరికింది. వందల జింకలకి అలాంటి మృగం ఒకటి ఉంటే ఎక్కువ. మా అరచేతి పొడవున రెండు కోరలు, పుర్రెకి చిన్న గీత కూడా లేదు. తవ్వకాల అధికారిని అందరూ పెద్దసారు అనేవాళ్లు. ఆయన ఆ రోజు నేల మీద నడవలేదు. అప్పటికే టీవీ వాళ్లకి కబురు పంపాడు.

ఎముకని మట్టిలోంచి తీయడానికి ఒక పద్ధతి ఉంది. చుట్టూ తవ్వి, ఎముక మీద తడి కాగితం కప్పి, ఆ పైన గోనె పట్టీలు ప్లాస్టరులో ముంచి చుట్టాలి. విరిగిన కాలికి కట్టు కట్టినట్టు. ప్లాస్టరు బాగా ఆరాక, వేలితో కొడితే కుండలా మోగాక, అప్పుడు అడుగున కోసి మొత్తాన్ని బోర్లా తిప్పాలి. ఆ తిప్పడమే గండం. ఆరకముందే తిప్పితే కట్టు మెత్తగా వంగుతుంది, లోపల ఎముక విరుగుతుంది.

కట్టు కట్టింది అత్తే. ఆఖరి పట్టీ వేసి పావుగంట కాలేదు, టీవీ వాళ్ల జీపు గుట్ట కింద ఆగింది.

"తిప్పండ్రా!" అన్నాడు పెద్దసారు.

"ఇంకా పచ్చిగా ఉంది సార్. మబ్బు పట్టింది, మట్టి కూడా తడి. రేపు పొద్దున తిప్పుదాం."

"రేపు వీళ్లుంటారా? నువ్వు పట్టీలు చుట్టు చాలు. ఎప్పుడు తిప్పాలో నేను చెప్తా."

అత్త చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన ఆ చేతిని పక్కకి నెట్టి, ఇద్దరు కూలీల చేత తిప్పించాడు. లోపల టక్‌మంది. అత్త విన్నది, కూలీలు విన్నారు, ఆయనా విన్నాడు. విన్నట్టు కనిపించకుండా కెమెరా వైపు తిరిగి నవ్వాడు.

వారం తర్వాత కింది అంతస్తులో అత్త ఆ కట్టు కోసింది. పుర్రె మూడు ముక్కలు, ఎడమ కోర మొదట్లోకి తెగి ఉంది. తెగిన చోట, పగులు లోపల, తెల్లగా ప్లాస్టరు కనిపించింది. పచ్చి ప్లాస్టరయితే తప్ప పగులులోకి పాకదు. అంటే విరిగింది గుట్ట మీదే, తిప్పినప్పుడే.

"పగులులో ప్లాస్టరు ఉంది, చూడండి సార్," అంది.

ఆయన చూడలేదు. ఆమె చేతిలోంచి పుర్రెని తీసుకుని తన తమ్ముడి కొడుక్కి ఇచ్చాడు. వాడు అప్పుడే ఆ పనిలో చేరాడు, సూది ఎటు పట్టుకోవాలో కూడా తెలీదు. వడ్రంగులు వాడే గమ్ము పూసి, పగులు తుడవకుండానే రెండు రోజుల్లో అతికించేశాడు. పుర్రె పైహాలులో అద్దాల పెట్టెలోకి వెళ్లింది. దాని కింద పెద్దసారు స్వయంగా రాసిన కార్డు పెట్టారు. చివరి వాక్యం ఇది: "ఎడమ కోర, శుభ్రపరిచే సిబ్బంది అజాగ్రత్త వలన విరిగినది."

శుభ్రపరిచే సిబ్బంది అంటే అప్పుడు మ్యూజియం మొత్తానికీ మా అత్త ఒక్కతే.

ఆ పైన ఒక ఆర్డరు కూడా వచ్చింది. సూదమ్మ ఇక గుట్టకి వెళ్లకూడదు, పెద్ద ఎముకలు ముట్టుకోకూడదు, పైహాలుకి రాకూడదు. కింద కూర్చుని జల్లెళ్లు కడగాలి.

ఒక్కసారి మాత్రం ఆమె పైకి వెళ్లింది, నేను నాలుగో క్లాసులో ఉన్నప్పుడు. స్కూలు వాళ్లు మమ్మల్ని మ్యూజియానికి తీసుకెళ్లారు. మా అత్త ఇక్కడే పనిచేస్తుందని నేను బస్సంతా చెప్పుకున్నా. నన్ను చూద్దామని ఆమె దొంగచాటుగా మెట్లెక్కి వచ్చి స్తంభం పక్కన నిలబడింది. నేను చూడలేదు. టీచరు నన్నే ముందుకి పిలిచి కార్డు గట్టిగా చదవమంది. చదివా. "ఎవర్రా ఆ దద్దమ్మ సిబ్బంది?" అన్నాడు పక్కవాడు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. వెనక్కి తిరిగితే అత్త. ఆ సాయంత్రం ఇంట్లో నాకు అన్నం వడ్డించి, "చదవడం బాగా వచ్చిందిరా నీకు," అంది. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆమెకి కావలసిందల్లా ఆ వాక్యం పోవడం. క్షమాపణ వద్దు, ప్రమోషను వద్దు. ఆ వాక్యం పోవాలి, దాన్ని రాసిన చెయ్యే దాన్ని కొట్టేయాలి.

జల్లెళ్ల పని అవమానమని ఇచ్చారు. కింది అంతస్తు కిటికీ రోడ్డు మట్టానికి ఉంటుంది, అందులోంచి జనం పాదాలు తప్ప ఏమీ కనపడవు. సింకు నెలకోసారి బురదతో పూడుకుపోతుంది. గుట్ట నుంచి మట్టి బస్తాలు వస్తాయి. ఒక దాని కింద ఒకటి మూడు జల్లెళ్లు పెట్టి నీళ్లతో కడిగి, మిగిలిన నూకని ఆరబెట్టి, భూతద్దం కింద ఒక్కో రవ్వా వెతకాలి. ఎలకల పళ్లు, చుంచుల పళ్లు, గసగసాలంత. అలాంటివి ఆమె పదకొండు వేలు ఏరింది. ఎలకల జాతులు త్వరత్వరగా మారిపోతాయి కాబట్టి ఏ పన్ను ఏ కాలానిదో చెప్పేయొచ్చు. గుట్ట వయసు తేల్చింది చివరికి ఆ పళ్లే, కత్తికోరలు కావు. పెద్దసారు పుస్తకంలో రాసిన వయసు పదిలక్షల ఏళ్లు తప్పని ఎలకలు తేల్చాయి. ఆ సంగతి చెప్పినప్పుడు అత్త నవ్వింది. నేను చూసిన మొదటి దుర్మార్గపు నవ్వు అది.

కాలేజీ మానేశాక ఖాళీగా తిరుగుతున్నానని అత్తే నన్ను మ్యూజియంలో పెట్టెలు మోసే పనిలో పెట్టించింది. అప్పుడే గమ్ము సంగతి చెప్పింది.

"వాడు పగులు తుడవలేదురా. గమ్ము ఎముకని పట్టుకోలేదు, ప్లాస్టరుని పట్టుకుంది. ప్లాస్టరు పొడి రాలుతుంది, గమ్ము వేడికి సాగుతుంది. కోర బరువు కిందికి లాగుతూనే ఉంటుంది. పదిహేనేళ్లకి మించి ఆగదు."

"అయితే పద, నేనే వెళ్లి అద్దం తీసి కాస్త కదుపుతా. ఎవరూ చూడరు."

చేతిలోని బ్రష్షుతో నెత్తి మీద ఒక్కటిచ్చింది. "వెధవా! మనం తాకితే ఆ కార్డు నిజమైపోదూ? దానంతటది పడాలి."

ఈ ఏడు పెద్దసారు రిటైరయ్యాడు. పైహాలుకి ఆయన పేరు పెట్టాలని నిర్ణయించారు. వీడ్కోలు సభ కూడా అక్కడే, ఆ పుర్రె ముందే. ఫొటోలు బాగా రావాలని పెట్టెలో నాలుగు పెద్ద లైట్లు పెట్టమన్నాడు. అద్దం మీద చెయ్యి పెడితే చురుక్కుమనేలాంటి లైట్లు.

అత్త కాగితం రాసింది. "ఈ లైట్ల వేడికి పాత అతుకు ఊడిపోవచ్చు. దయచేసి తీసేయించగలరు." తేదీ వేసి, సంతకం పెట్టి, నాతో ఆఫీసుకి పంపింది.

"ఎందుకత్తా హెచ్చరించడం? ఊడనీ!"

"నేను రాశానని తెలిస్తే ఆయన తీయిస్తాడా? చచ్చినా తీయించడు. రేపు ఎవరైనా అడిగితే కాగితం ఉండాలి."

గుమాస్తా ఆ కాగితం పెద్దసారుకి చూపించాడు. "జల్లెళ్లావిడకి లైట్ల గురించి ఏం తెలుసయ్యా," అన్నాడట ఆయన. కాగితం ఫైలులోకి వెళ్లింది. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

మూడో రోజు, అంటే సభ రోజు మధ్యాహ్నం, కుర్చీలు వేయించడానికి వాచ్‌మన్ తాళం తీసేసరికి కోర నల్లగుడ్డ మీద పడి ఉంది.

డైరెక్టరు కిందికి పరిగెత్తుకొచ్చాడు. ఏడాది కిందట వచ్చిన కొత్తాయన, పాత గొడవలు తెలీవు. "సూదమ్మగారూ, ఒక్కసారి పైకి రండి. నాలుగింటికి సభ. అతికించేవాళ్లు ఇంకెవరూ లేరు."

నిజంగానే లేరు. తమ్ముడి కొడుకు ఎప్పుడో సబ్బుల కంపెనీలో చేరిపోయాడు.

అత్త సూది పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. "నేను పైకి రాకూడదని ఆర్డరుంది సార్. కోరనే కిందికి పంపించండి."

నేనూ వాచ్‌మనూ ఇసుక నింపిన పళ్లెంలో పుర్రెనీ కోరనీ దించాం. దాని వెనకే డైరెక్టరు, కెమెరాతో గుమాస్తా, కొత్త కోటులో పెద్దసారు. ఇంకొకావిడ కూడా వచ్చింది. సభకి వేరే యూనివర్సిటీ నుంచి పిలిచిన నిపుణురాలు, పాతకాలం జంతువుల పళ్ల మీదే ముప్పై ఏళ్లుగా పనిచేస్తోంది. మేం పళ్లమేడం అంటాం. ఎలకల పళ్ల పెట్టెలు అత్త ఏటా ఆవిడకే పంపేది. ఇద్దరూ ఎదురుపడటం మాత్రం అదే మొదలు.

"కానివ్వమ్మా, తొందరగా," అన్నాడు పెద్దసారు, గడియారం చూసుకుంటూ.

"అతికించే ముందు పగులు ఎలా ఉందో రాసుకోవాలి కదా సార్. రూలు మీరు పెట్టిందే." అత్త దీపం వంచి, భూతద్దాన్ని పళ్లమేడం వైపు జరిపింది. "మీ కళ్లు మంచివి మేడం. ఏముందో మీరు చెప్పండి, నేను రాస్తా."

పళ్లమేడం వంగింది. కిటికీలోంచి ఎవరివో చెప్పులు టకటకమంటూ పోయాయి.

"పైన పసుపుపచ్చ గమ్ము. వడ్రంగి గమ్ములా ఉంది. దాని కింద తెల్లగా ప్లాస్టరు, పగులు లోపలి దాకా వెళ్లింది."

"అతికించేటప్పుడు పూసుంటారు," అన్నాడు పెద్దసారు వెంటనే.

ఆవిడ తల ఎత్తలేదు. "ప్లాస్టరులో పీచుంది. గోనె పీచు. ఒకటి కాదు, మూడున్నాయి." అప్పుడు తలెత్తింది. "అతికించడానికి గోనె ఎందుకు వాడతారు సార్?"

గుమాస్తా ఫొటో తీశాడు. ఆ ఫ్లాషు సరిగ్గా పెద్దసారు మొహం మీద పడింది. ఈ జన్మకి నాకు ఆ ఫొటో చాలు.

"గోనె గుట్ట మీద కట్టులో ఉంటుంది," అంది పళ్లమేడం నెమ్మదిగా. "ఈ కోర తెగినప్పుడు కట్టు ఇంకా పచ్చిగా ఉందన్నమాట. ఎవరో ఆరకముందే తిప్పేశారు. ఇక్కడి సిబ్బంది విరగ్గొట్టింది కాదిది."

డైరెక్టరు పైకి మనిషిని పంపి కార్డు తెప్పించాడు. చదివాడు. అత్త వైపు చూశాడు. ఆయనకి అప్పుడు వెలిగింది. "దీన్ని మార్చాలి. నేను టైపు చేయిస్తా."

"వద్దు సార్," అంది అత్త. "పాతది ఎవరు రాశారో కొత్తదీ వాళ్లే రాయాలి. కార్డు సరిగ్గా ఉంటే అరగంటలో కోర అతికిస్తా." చేతులు కట్టుకుని స్టూలు మీద కూర్చుంది. అప్పటికి రెండున్నర.

పెద్దసారు డైరెక్టరు వైపు చూశాడు. డైరెక్టరు కిటికీలోని చెప్పుల వైపు చూశాడు. చేసేదేం లేక పెద్దసారు పెన్ను తీశాడు. నేను తెల్లకార్డు అందించా, రెండు చేతులా, చాలా మర్యాదగా.

మొదట ఇలా రాశాడు: "ఎడమ కోర తవ్వకంలో విరిగినది."

అత్త చదివి తిరిగిచ్చింది. "ఎలా విరిగింది సార్?"

ఆయన పళ్లు కొరికి ఇంకో కార్డు తీసుకున్నాడు. "ప్లాస్టరు ఆరకముందే తిప్పుట వలన విరిగినది."

"ఎవరు తిప్పమన్నారు?"

"చూడమ్మా, ఆ రోజు టీవీ వాళ్లు వచ్చి కూర్చున్నారు. నా మీద ఎంత ఒత్తిడి ఉందో నీకేం తెలుసు?"

"తెలుసు సార్. పక్కనే ఉన్నా. అడ్డం పెట్టిన చెయ్యి నాదే."

పైన కుర్చీలు జరుపుతున్న చప్పుడు. మైకు పరీక్షిస్తున్నారు. మూడూ పది.

ఆయన గొంతు తగ్గించాడు. "సాయంత్రం నా మనవరాలు వస్తోంది. దానికిప్పుడిప్పుడే చదవడం వస్తోంది. నా పేరు వద్దు. ఇంకేమైనా అడుగు."

ఆ ఒక్క క్షణం అత్త మెత్తబడుతుందేమోనని నాకు భయం వేసింది. ఆమె నా వైపు చూసింది, వేలు చూపించింది.

"వీడు నా మేనల్లుడు సార్. నాలుగో క్లాసులో ఆ కార్డు స్కూలంతటికీ చదివి వినిపించాడు. చక్కగా, తప్పులేకుండా చదివాడు. మీ మనవరాలిని కూడా చదవనివ్వండి."

మూడో కార్డు రాయడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. కొత్త కోటు చెయ్యి రాసుకుని రెండు అక్షరాలు అలుక్కుపోయాయి. అత్త అలుక్కుపోయినవి ఒప్పుకోలేదు. నాలుగోది శుభ్రంగా వచ్చింది: "ఎడమ కోర, ప్లాస్టరు ఆరకముందే తవ్వకాల అధికారి ఆదేశంపై తిప్పుట వలన విరిగినది." కింద ఆయన పేరు, సంతకం. గుమాస్తా దానికీ ఫొటో తీశాడు.

అప్పుడు అత్త లేచింది. సూదితో పాత గమ్ము గీకేసింది. ప్లాస్టరుని మాత్రం, పీచుతో సహా, ఒక పక్కన వేలిగోరంత ఉంచేసింది. సన్నటి బ్రష్షుతో వేరే గమ్ము పూసి, కోరని దాని చోట నిలబెట్టి, ఇసుకలో ఆనించి, మనసులో వంద లెక్కపెట్టింది. మూడూ యాభైకి పుర్రె పైకి వెళ్లింది. లైట్లు తీసేశారు.

"ఇదైనా గట్టి గమ్మేనా?" అన్నా నేను.

"గట్టిదే. కానీ గోళ్ల రంగు తుడిచే మందు ఒక్క చుక్క వేస్తే పది నిమిషాల్లో విడిపోతుంది."

"మళ్లీ విడిపోయేలా ఎందుకత్తా?"

"రేపెప్పుడైనా ఆ కార్డు అబద్ధమని ఎవడైనా అంటే, విప్పి చూపించాలి కదరా."

సభ అయింది. పెద్దసారు ఆ పెట్టె పక్కనే నిలబడి గంటసేపు పొగిడించుకున్నాడు. జనం చప్పట్లు కొడుతూనే వంగి కార్డు చదివారు. చదివిన వాళ్లు చదవని వాళ్లని మోచేత్తో పొడిచారు. గౌను వేసుకున్న ఒక పిల్ల అద్దానికి ముక్కు ఆనించి కూడబలుక్కుని చదివింది. "తాతా, ఇది నీ పేరే కదా?" అంది గట్టిగా. నాకు జాలి వేస్తుందనుకున్నా. వెయ్యలేదు.

అందరూ వెళ్లాక ఆయన ఒక్కడే మెట్లు దిగి కిందికొచ్చాడు. అత్త అప్పటికే జల్లెడ ముందు కూర్చుంది. బస్తాలోంచి కొత్త మట్టి పోసి నీళ్లు వదిలింది.

"ఇప్పుడు తృప్తేనా?" అన్నాడు గుమ్మంలోంచి.

అత్త కుళాయి కట్టలేదు, వెనక్కి తిరగలేదు.

"ఇంకా లేదు సార్. పాత కార్డు పద్నాలుగేళ్లు ఉంది. దీన్ని కూడా పద్నాలుగేళ్లు ఉండనివ్వండి. అప్పుడొచ్చి అడగండి."